మోడల్ రైల్వేలో కదిలే సైన్‌బోర్డు: ఏ బుల్లి స్క్రీన్ ఎక్కడ నప్పుతుంది?

నా లేఅవుట్‌లో, అంటే బొమ్మ రైళ్లు తిరిగే బుల్లి ఊళ్లో, మొట్టమొదటి కదిలే బోర్డు సినిమా హాలు మీద పెట్టాను. 1.8 అంగుళాల కలర్ టీఎఫ్‌టీ (వెనక దీపంతో వెలిగే ఎల్‌సీడీ రకం) స్క్రీన్. టేబుల్ మీద పెట్టుకుని ప్రోగ్రామ్ రాసినన్నాళ్లూ చూసి మురిసిపోయాను. తీరా హాలు నెత్తిన బిగించి, గదిలో లైట్లు ఆర్పి, ఊరి దీపాలు వెలిగించాక దాని బండారం బయటపడింది. అక్షరాలు బాగానే ఉన్నాయి. వాటి వెనక నల్లగా ఉండాల్సిన చోటంతా బూడిద నీలం వెలుగు! ఎవరో హాలు మీద టీవీ ఆన్ చేసి మర్చిపోయి వెళ్లినట్టుంది. కాస్త వంగి కింది నుంచి చూస్తే రంగులు కూడా తిరగబడ్డాయి.

అందుకే ఎవరైనా "ఏ స్క్రీన్ కొనమంటారు?" అని అడిగితే నేను ముందు నలుపు సంగతి ఎత్తుతాను. ఆ స్క్రీన్‌లో నలుపు ఎలా కనిపిస్తుంది, మీరు పెట్టబోయే బోర్డుకి ఎలాంటి నలుపు కావాలి? ఈ రెండూ తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే. రంగులు, రిజల్యూషన్ ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఇప్పుడు మనకి దొరికే రకాలు ఇవి: ఒకే రంగు ఓఎల్‌ఈడీ, కలర్ ఓఎల్‌ఈడీ, కలర్ టీఎఫ్‌టీ, ఈ-పేపర్, రెడీమేడ్‌గా వచ్చే ఎలక్ట్రోల్యూమినిసెంట్ బోర్డులు, ఇంట్లో మూలన పడున్న పాత ఫోను. వీటిలో మొదటిదీ మూడోదీ ఎక్కువమందికి పనికొస్తాయి కాబట్టి వాటి మీదే ఎక్కువసేపు ఉంటాను.

ముందు నల్ల కాగితం ముక్క

స్క్రీన్ సైజును మూల నుంచి మూలకి అంగుళాల్లో చెప్తారు. ఆ అంకె మన పనికి రాదు. వెలిగే భాగం వెడల్పు, ఎత్తు మిల్లీమీటర్లలో కావాలి. అందరూ వాడే 0.96 అంగుళాల ఓఎల్‌ఈడీలో వెలిగే భాగం సుమారు 21.7 × 10.9 మి.మీ. హెచ్‌ఓ స్కేలు అంటే 1:87, అసలుదానికి 87వ వంతు, కాబట్టి 87తో గుణిస్తే దాదాపు 1.9 మీటర్ల వెడల్పు, 95 సెంటీమీటర్ల ఎత్తు. ప్లాట్‌ఫాం మీద వేలాడే బోర్డుకి అతికినట్టు సరిపోతుంది. అదే స్క్రీన్‌ని ఎన్ స్కేలులో, అంటే 1:160లో పెడితే మూడున్నర మీటర్ల బోర్డు అవుతుంది. దుకాణం మీద బాగుంటుంది కానీ ప్లాట్‌ఫాం మీద పెడితే కింద నిలబడ్డ బొమ్మ మనుషులు అది నెత్తిన పడుతుందేమోనని హడలిపోతున్నట్టుంటుంది. ఓ స్కేలులో, 1:48 లెక్కన, అదే స్క్రీన్ మీటరు వెడల్పుకి కుంచించుకుపోతుంది.

పెద్ద హోర్డింగుల మీద ఆశ ఉంటే ముందే ఒక మాట. అమెరికా హైవేల పక్కన కనిపించే 48 అడుగుల వెడల్పు, 14 అడుగుల ఎత్తు హోర్డింగును హెచ్‌ఓలో చేయాలంటే 168 × 49 మి.మీ. స్క్రీన్ కావాలి. బుల్లి స్క్రీన్లతో అయ్యే పని కాదు.

నేనైతే ఏదీ కొనకముందు వెలిగే భాగం కొలతకి నల్ల కాగితం కత్తిరించి, అనుకున్న చోట అంటించి, రెండు రోజులు వదిలేస్తాను. రైళ్లు నడుపుతూ, మామూలుగా నిలబడే చోటు నుంచి చూస్తాను. నేను అనుకున్న సైజుల్లో సగం ఈ కాగితం పరీక్షలోనే పోయాయి. దాదాపు ప్రతిసారీ మరీ పెద్దది అనుకున్నానన్నమాట.

ఇంకో కాగితం స్క్రీన్ అతికించి ఉన్న సర్క్యూట్ బోర్డు కొలతకి కూడా కత్తిరించాలి. 0.96 అంగుళాల మాడ్యూల్ బోర్డు సుమారు 27 మి.మీ. చదరం. వెలిగే భాగం ఎత్తు 11 మి.మీ. లోపే, దాన్ని మోసే బోర్డు మాత్రం 27. గోడ వెనక దాచేస్తే ఇబ్బంది లేదు. స్తంభం మీద పెట్టాలంటే మాత్రం ఆ బోర్డు లేకుండా గాజు పలక, దాని ఫ్లాట్ కేబుల్ మాత్రమే ఉండే స్క్రీన్ తీసుకోవాలి. గాజు మందం ఒకటిన్నర మి.మీ.కి అటూ ఇటూగా ఉంటుంది. రెండింటిని వీపుకి వీపు ఆనించి పెడితే హెచ్‌ఓలో 26 సెంటీమీటర్ల మందం. రెండు వైపులా కనిపించే అసలు ప్లాట్‌ఫాం బోర్డు కూడా సుమారు అంతే మందంగా కనిపిస్తుంది. కేబుల్‌ని మడత పడేలా వంచితే లోపల గీతలు తెగుతాయి, గుండ్రంగా తిప్పండి.

ఒకే రంగు ఓఎల్‌ఈడీ: చీకట్లో దీనికి పోటీ లేదు

ఓఎల్‌ఈడీలో ఏ చుక్కకి ఆ చుక్కే వెలుగుతుంది. ఆరిన చుక్క నుంచి వెలుగు రాదు. కాబట్టి రాత్రి దృశ్యంలో అక్షరాలు మాత్రమే కనిపిస్తాయి, స్క్రీన్ అంచు ఎక్కడుందో తెలీదు. ఏ పక్క నుంచి చూసినా అక్షరాలు చెదరవు. లేఅవుట్ చుట్టూ తిరుగుతూ చూసేవాళ్లకి ఇది చాలా ముఖ్యం.

ఇందులో నాకు బాగా నచ్చిన లెక్క ఒకటుంది. 0.96 అంగుళాల దాంట్లో చుక్కకీ చుక్కకీ మధ్య దూరం 0.17 మి.మీ. హెచ్‌ఓలో అది దాదాపు 15 మి.మీ. అవుతుంది. బయట వీధుల్లో కనిపించే నిజం ఎల్‌ఈడీ బోర్డుల్లో దీపాల మధ్య 10 మి.మీ., 16 మి.మీ. దూరం మామూలే. అంటే ఈ బుల్లి స్క్రీన్ ఎల్‌ఈడీ బోర్డును అనుకరిస్తున్నట్టు ఉండదు, చుక్కలతో సహా దాని స్కేలు నమూనాయే అవుతుంది. 5 × 7 చుక్కల అక్షరం, ఒక్కో చుక్క చొప్పున పక్కకి జరిగే వార్త... అసలు బోర్డు చేసేదీ అదే కదా. ఇక్కడ ఎక్కువ రిజల్యూషన్ వస్తే మంచిదనుకోవడం పొరపాటు.

సైజులకి వస్తే: 0.96 అంగుళాలది 128 × 64 చుక్కలు. 0.91 అంగుళాలది 128 × 32, వెలిగే భాగం సుమారు 22.4 × 5.6 మి.మీ., పొడుగ్గా సన్నగా ఉంటుంది, వార్తల పట్టీకి, దుకాణం నుదుటికి బాగుంటుంది. 0.49 అంగుళాలది 64 × 32. 0.42 అంగుళాలది 72 × 40, వెలిగే భాగం 9 మి.మీ. పైచిలుకు. ఎన్ స్కేలు వాళ్లు ఈ చివరి రెండింటినీ ముందు చూడాలి.

రంగు దగ్గర చాలామంది బోల్తా పడతారు. పసుపు-నీలం అని ఒక రకం అమ్ముతారు. అందులో పై 16 వరసలు ఎప్పుడూ పసుపే, కింది 48 ఎప్పుడూ నీలమే, మధ్యలో సన్నటి ఖాళీ గీత. మీటర్ల డిస్‌ప్లేకి పనికొస్తుందేమో, సైన్‌బోర్డుకి పనికిరాదు. నీలంది కూడా వద్దంటాను. తెల్లది తీసుకోండి. తెలుపులో అన్ని రంగులూ ఉంటాయి కాబట్టి ముందు నారింజ ఫిల్టర్ కాగితం పెడితే స్టేషన్ బోర్డుల ఆ కాషాయం రంగు వచ్చేస్తుంది, ఎర్రది పెడితే ఎరుపు. స్టేజీ లైట్ల ముందు పెట్టే పలచటి రంగు ఫిల్మ్ చాలు. నీలం స్క్రీన్ ముందు నారింజ ఫిల్మ్ పెడితే ఏమీ రాదు, బోర్డు ఆరిపోయినట్టే ఉంటుంది.

లోపాలు లేవని కాదు. ఎక్కువసేపు వెలిగిన చుక్కలు మెల్లగా మసకబారతాయి. ఒకే అక్షరాలు నెలల తరబడి రాత్రింబవళ్లూ వెలిగితే తర్వాత వేరే సందేశం వేసినప్పుడు పాతది దెయ్యంలా కనిపిస్తుంది. వాడనప్పుడు ఆర్పేయడం, వెలుగు తగ్గించి నడపడం, సందేశాలు మారుస్తుండటం చేస్తే అంత టెన్షన్ అక్కర్లేదు. వెలుగు ఎలాగూ తగ్గించాలి. పూర్తి వెలుగులో పెడితే పక్కన వీధి దీపాలన్నీ వెలవెలబోతాయి. ఈ స్క్రీన్లని నడిపే ఎస్‌ఎస్‌డీ1306 చిప్‌లో వెలుగుని 0 నుంచి 255 దాకా మార్చుకోవచ్చు. నేను 20 దాటించను.

పగటి వెలుతురులో, నెత్తిన ట్యూబులైట్లుండే గదిలో ఇదే స్క్రీన్ కొంచెం నీరసంగా కనిపిస్తుంది. వీడియో తీస్తే అడ్డంగా నల్ల పట్టీలు కదులుతుంటాయి. కెమెరా షట్టర్ వేగం తగ్గించి చూడండి, చాలావరకు పోతాయి.

నేను ఒకటి కాల్చుకున్నాను కూడా. ఒకేలా కనిపించే రెండు మాడ్యూళ్లలో ఒకదానికి మొదటి పిన్ గ్రౌండు, రెండోది పవరు. రెండోదానికి ఇది తారుమారు. ఒకే చోట, ఒకే పేరుతో, ఆరు నెలల తేడాతో కొన్నవి. పాతదాని సాకెట్‌లో కొత్తది గుచ్చి స్విచ్ వేశాను. అంతే సంగతులు. అప్పటినుంచి పిన్నుల పక్కన అచ్చేసిన అక్షరాలు చదవందే వైరు ముట్టుకోను. ఇలాంటిదే ఇంకోటి: 1.3 అంగుళాల ఓఎల్‌ఈడీల్లో చాలావాటికి ఎస్‌హెచ్1106 చిప్ ఉంటుంది. దాని మెమరీ వెడల్పు 132 చుక్కలు. ఎస్‌ఎస్‌డీ1306 కోసం రాసిన ప్రోగ్రామ్ దాని మీద నడిపితే బొమ్మ రెండు చుక్కలు పక్కకి జరిగి, అంచున చెత్త గీత కనిపిస్తుంది, లేదా అంతా గజిబిజిగా వస్తుంది. స్క్రీన్ పాడైందనుకుని పారేయకండి, లైబ్రరీలో (స్క్రీన్‌ని నడిపే రెడీమేడ్ కోడ్‌లో) చిప్ పేరు మార్చండి.

కలర్ టీఎఫ్‌టీ: పగటి దృశ్యానికి, రంగుల ప్రకటనకి

టీఎఫ్‌టీలో వెనక ఒక తెల్ల దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది, ముందున్న చుక్కలు దాన్ని అడ్డుకుంటాయి. పూర్తిగా అడ్డుకోలేవు. నా సినిమా హాలు మీద కనిపించిన బూడిద వెలుగు అదే. దీన్ని మూడు రకాలుగా తగ్గించుకోవచ్చు. వెనక దీపాన్ని (బ్యాక్‌లైట్‌ని) పీడబ్ల్యూఎంతో, అంటే చాలా వేగంగా ఆర్పి వెలిగిస్తూ, బాగా దించడం ఒకటి. ముందు పొగరంగు పలచటి ఫిల్మ్ పెట్టడం రెండోది. అసలు నల్ల నేపథ్యమే లేని బొమ్మలు వేయడం మూడోది, నన్నడిగితే అన్నిటికంటే మంచిది ఇదే. అంచు నుంచి అంచు దాకా రంగు నిండిన ప్రకటన వేస్తే నలుపు గొడవే ఉండదు.

కొనేటప్పుడు ఐపీఎస్ అని రాసుందో లేదో చూడండి. అది లేని పాత రకం ప్యానెళ్లలో ఒక పక్క నుంచి చూస్తే రంగులు తిరగబడతాయి. 1.8 అంగుళాల 128 × 160 స్క్రీన్లు చాలావరకు ఆ పాత రకమే. 0.96 అంగుళాల 80 × 160 స్క్రీన్ ఐపీఎస్‌లో దొరుకుతుంది, వెలిగే భాగం సుమారు 21.7 × 10.8 మి.మీ. అంటే ఓఎల్‌ఈడీ పెట్టిన రంధ్రంలోనే ఇదీ కూర్చుంటుంది. రెండూ తెచ్చుకుని ఒకే ఫ్రేములో మార్చి మార్చి చూడొచ్చు. 1.14 అంగుళాల 135 × 240, 1.3 అంగుళాల 240 × 240 స్క్రీన్లు కూడా ఐపీఎస్సే. ఈ చివరిదాంట్లో చుక్కల దూరం 0.1 మి.మీ. లోపే. మామూలు దూరం నుంచి చుక్కలు కనిపించవు, కాబట్టి అచ్చు పోస్టర్‌లా, వీడియో తెరలా ఉంటుంది. 1.28 అంగుళాల గుండ్రటి స్క్రీన్ ఒకటుంది, వ్యాసం 32 మి.మీ. గడియారం బాగుంటుందని ఉత్సాహపడి కొన్నాను. హెచ్‌ఓలో అది 2.8 మీటర్ల గడియారం! క్లాక్ టవర్ కట్టుకుంటే తప్ప పెట్టే చోటే లేదు.

మొదటిసారి ఆన్ చేయగానే ఎరుపు నీలంగా, నీలం ఎరుపుగా రావడం, బొమ్మ కొన్ని చుక్కలు పక్కకి జరిగి ఉండటం ఎస్‌టీ7735 చిప్ ఉన్న స్క్రీన్లలో మామూలే. ఒకే చిప్‌ని రకరకాల ప్యానెళ్లకి అతికిస్తారు మరి. లైబ్రరీలో రంగుల వరస, మొదలయ్యే చుక్క మార్చుకుంటే సరిపోతుంది.

కలర్ ఓఎల్‌ఈడీ గురించి రెండు ముక్కలు: నలుపు నల్లగానే ఉంటుంది, రంగులూ ఉంటాయి. 0.95 అంగుళాల 96 × 64, 1.5 అంగుళాల 128 × 128 దొరుకుతాయి. మిగతావాటికంటే ఖరీదు, సైజులు తక్కువ, మసకబారే గుణం ఇందులోనూ ఉంది. రాత్రి దృశ్యంలో అందరి కళ్లూ పడే ఒకే ఒక్క రంగుల బోర్డు ఉంటే దానికి ఖర్చు పెట్టండి. అరడజను కొనొద్దు.

మీ ఊరు ఏ కాలానిది?

స్క్రీన్ ఎంత బాగున్నా కాలం తప్పితే బోర్డు తేలిపోతుంది. నియాన్ దీపాన్ని జార్జ్ క్లాడ్ పారిస్‌లో 1910లో ప్రదర్శించాడు. న్యూయార్క్‌లో టైమ్స్ భవనం చుట్టూ బల్బులతో వార్తలు పరుగెత్తే పట్టీ 1928లో వచ్చింది. కాబట్టి ఆవిరి ఇంజన్ల లేఅవుట్‌లో కూడా కదిలే అక్షరాలు పెట్టొచ్చు, అవి బల్బుల రంగులో, కాస్త పసుపుపచ్చగా ఉంటే చాలు. ఇక రంగురంగుల ఎల్‌ఈడీ వీడియో తెర కావాలంటే నీలం ఎల్‌ఈడీ ఉండాలి. బాగా వెలిగే నీలం ఎల్‌ఈడీ వచ్చింది 1993లో. 1980ల ఊరు కట్టుకుని అందులో నీలం, తెలుపు మెరిసే ఎల్‌ఈడీ తెర పెడితే తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. ఆ కాలానికి ఎరుపు, కాషాయం, కాస్త ఆకుపచ్చ.

టకటకమంటూ రెక్కలు తిరిగి అక్షరాలు మారే స్టేషన్ బోర్డులు ఇటలీలోని సొలారీ కంపెనీవి. 1956లో బెల్జియంలోని లియేజ్ స్టేషన్లో పెట్టారు. వీటిని స్క్రీన్ మీద చేయాలని చాలామందికి ఉంటుంది, చాలామంది ఓఎల్‌ఈడీ మీదే చేస్తారు. నా అభిప్రాయంలో అది తప్పు ఎంపిక. ఆ రెక్కలు వాటంతటవి వెలగవు. నల్ల రెక్క మీద తెల్ల అక్షరం, దాని మీద హాల్లోని వెలుతురు పడితే మనకి కనిపిస్తుంది. ఓఎల్‌ఈడీ మీద వేస్తే అక్షరం దీపంలా వెలిగి ఎల్‌ఈడీ బోర్డయి కూర్చుంటుంది. ఇక్కడ టీఎఫ్‌టీ బూడిద నలుపు అక్కరకొస్తుంది. బ్యాక్‌లైట్ బాగా దించి, రెక్కలకి పూర్తి నలుపు ఇవ్వకుండా ముదురు బూడిద వేసి, అక్షరాన్ని పాలిపోయిన తెలుపులో పెట్టి, మధ్యలో అడ్డంగా ఒక నల్ల గీత గీస్తే రెక్క రెండు ముక్కలుగా కనిపిస్తుంది. మారేటప్పుడు పై సగం ముందు, కింది సగం తర్వాత మారాలి. అన్ని గళ్లూ ఒకేసారి ఆగకూడదు, ఒక్కోటి ఒక్కో క్షణంలో ఆగాలి. ఈ చివరి ముక్క మరిచిపోతే మిగతాదంతా ఎంత బాగా చేసినా బొమ్మలాగే ఉంటుంది.

నియాన్ మాత్రం ఏ స్క్రీన్ మీదా నాకు తృప్తినివ్వలేదు. వంపు తిరిగిన గొట్టం చుక్కల్లో మెట్లు మెట్లుగా కనిపిస్తుంది, చుట్టూ ఉండాల్సిన మెత్తటి కాంతి రాదు. నియాన్ కావాలంటే ఎలక్ట్రోల్యూమినిసెంట్ బోర్డులే సరి. మిల్లర్ ఇంజనీరింగ్ లాంటి కంపెనీలు వీటిని రెడీమేడ్‌గా చేస్తాయి. పలచటి రేకు మీద బొమ్మ అచ్చేసి ఉంటుంది, భాగాలు వంతులవారీగా వెలుగుతూ కదులుతున్నట్టు అనిపిస్తాయి. ప్రోగ్రామింగ్ ఊసే లేదు, వైరు తగిలిస్తే వెలుగుతుంది. కాకపోతే రాత మార్చలేం, వాళ్లు అచ్చేసిందే ఉంటుంది. పైగా దీనికి ఎక్కువ వోల్టేజీ ఏసీ ఇచ్చే చిన్న ఇన్వర్టరు కావాలి, అది సన్నగా గీపెడుతుంటుంది. నిశ్శబ్దంగా ఉండే గదిలో తెలుస్తుంది.

మిగతా రెండూ

ఈ-పేపర్ అసలు వెలగదు. కరెంటు తీసేసినా బొమ్మ అలాగే ఉంటుంది. పూర్తిగా మారడానికి రెండు సెకన్ల దాకా పడుతుంది, ఆ రెండు సెకన్లూ నలుపు తెలుపు మిలమిలా కొడుతుంది. మూడు రంగులదైతే ఇంకా చాలా నెమ్మది. కదిలే బోర్డుకి పనికిరాదు. గోడ మీది టైంటేబులు, రోజుకొకటి మారే సినిమా పోస్టరు లాంటివాటికి మాత్రం దీన్ని మించింది లేదు. 1.54 అంగుళాల చదరం హెచ్‌ఓలో 2.4 మీటర్ల పోస్టరు. పైన చిన్న ఎల్‌ఈడీ దీపం వాలుగా పెడితే నిజం కాగితమే అనుకుంటారు.

పాత ఫోను గురించి నవ్వకండి. హెచ్‌ఓలో పెద్ద హోర్డింగుకి, లేదా పక్కపక్కనే ఉన్న నాలుగు దుకాణాలకి ఒకేసారి అదే సుఖం. వరస దుకాణాల ముందు గోడలో నాలుగు కిటికీలు కోసి, వెనక ఫోను నిలబెట్టి, ఆ నాలుగు చోట్లా నాలుగు కదిలే బొమ్మలుండేలా ఒకే వీడియో తయారుచేసి తిప్పడమే. సోల్డరింగ్ లేదు, కోడ్ లేదు. బ్యాటరీ ఉబ్బిన ఫోను మాత్రం వాడొద్దు, అస్తమానం చార్జింగులోనే పెట్టి ఉంచొద్దు, చేయి పెట్టి బయటికి తీసేలా అమర్చుకోండి.

వెనక ఏ మెదడు?

స్క్రీన్ ఎంపికకి ఇది తోక లాంటిదే కానీ తప్పు తోక తగిలిస్తే స్క్రీన్ కదలదు. స్క్రీన్‌ని నడిపే చిన్న కంట్రోలర్ బోర్డుల్లో ఒకటైన ఆర్డుయినో ఊనో ఆర్3లో ర్యామ్ 2 కేబీ. 128 × 64 ఓఎల్‌ఈడీకి ఒక బొమ్మ మోయడానికే 1 కేబీ పోతుంది. ఒక్క స్క్రీన్‌తో సరిపెట్టుకోవచ్చు. కలర్ స్క్రీన్‌తో మాత్రం వద్దు: 160 × 80 చుక్కలకి చుక్కకి రెండు బైట్ల చొప్పున 25.6 కేబీ కావాలి. అంత చోటు లేక ముక్కలు ముక్కలుగా గీయాల్సొస్తుంది, జరిగే అక్షరాలు కంపిస్తాయి. పైగా ఊనో 5 వోల్టులది, ఈ స్క్రీన్లు చాలావరకు 3.3 వోల్టులవి.

రాస్‌ప్‌బెర్రీ పై పికోలో 264 కేబీ ర్యామ్ ఉంది, ఈఎస్‌పీ32లో 520 కేబీ. రెండూ 3.3 వోల్టులవే. బోర్డు తన మానాన తను తిరిగితే చాలనుకుంటే పికో. రైలు వచ్చినప్పుడు బోర్డు మారాలి, లేఅవుట్ ఫాస్ట్ క్లాక్‌తో (బుల్లి ఊరి కాలాన్ని వేగంగా నడిపే గడియారంతో) నడవాలి అనుకుంటే వైఫై ఉన్న ఈఎస్‌పీ32. జేఎంఆర్ఐ (లేఅవుట్‌ని కంప్యూటర్ నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు ఎంక్యూటీటీ (నెట్‌వర్క్ మీద చిన్న సందేశాలు పంపే పద్ధతి) ద్వారా దానికి కబురు పంపొచ్చు. వైఫై అక్కర్లేని చోట ఆపేయండి, కరెంటు ఒక్కసారిగా గుంజుకోవడం తగ్గుతుంది.

ఎక్కువ ఓఎల్‌ఈడీలు కావాలంటే ఒక చిక్కుంది. ఐ2సీ అనే రెండు వైర్ల పద్ధతిలో కబురందుకునే మాడ్యూళ్లకి రెండే అడ్రసులు ఉంటాయి, ఒక లైన్ మీద రెండు స్క్రీన్లే వేరువేరుగా నడుస్తాయి. పికోలో ఐ2సీ లైన్లు రెండు కాబట్టి నాలుగు. అంతకు మించితే టీసీఏ9548ఏ అనే చిప్ ఒక లైన్‌ని ఎనిమిదిగా పంచుతుంది. వినడానికి బాగుంటుంది కానీ ఐ2సీ వైరు పొడవు పెరిగితే మొరాయిస్తుంది. ట్రాక్‌కి కరెంటూ ఇంజన్లకి ఆజ్ఞలూ మోసే డీసీసీ వైర్ల పక్కన పడుకోబెడితే ఇంకా ఎక్కువ. స్టేషన్లో నాలుగు బోర్డులు దగ్గరదగ్గరగా ఉంటే ఒకే పికో. ఊరికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి అయితే దేనికి దాని వెనకే ఒక చిన్న పికో పెట్టి, పవరు వైర్లు మాత్రం లాగండి. ఆ పవరు కూడా ట్రాక్ నుంచి తీయకుండా విడిగా 5 వోల్టుల సప్లై నుంచి ఇవ్వండి. లేదంటే పట్టాల మీద షార్ట్ అయిన ప్రతిసారీ ఊళ్లో బోర్డులన్నీ ఆరి మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి.

బోర్డు మీద తెలుగు రాయాలనుకుంటే ఒక మాట: ఈ చిన్న బోర్డుల లైబ్రరీలు గుణింతాలు, ఒత్తులు కలిపి చూపించలేవు. అక్షరాలు విడివిడిగా పడతాయి. కంప్యూటర్‌లో రాసి, నలుపు తెలుపు బొమ్మగా మార్చి, ఆ బొమ్మనే జరిపించాలి. ఒత్తులకి చోటు కావాలి కాబట్టి 16 చుక్కల ఎత్తు లోపు తెలుగు చదవడం కష్టం, 24 ఉంటే హాయి.

ఫ్రేము

ఎంత మంచి స్క్రీన్ అయినా గోడకి అతికించినట్టు ఉంటే మోడల్‌లా కనిపించదు. పావు మి.మీ. నల్ల స్టైరీన్ (ప్లాస్టిక్) రేకులో వెలిగే భాగం కంటే నాలుగు వైపులా అర మి.మీ. తక్కువగా కిటికీ కోస్తాను. కోసిన అంచుని నల్ల మార్కర్‌తో రుద్దాలి. నల్ల రేకే కదా అని వదిలేస్తే కోతపెట్టిన అంచు మెరిసి, చుట్టూ సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. స్క్రీన్ పక్కలనుంచి కారే వెలుగుని నల్ల టేపుతో మూస్తాను, లేదంటే భవనం లోపలి గోడ వెలిగి ప్లాస్టిక్ అని తెలిసిపోతుంది. కిటికీకి పైన చిన్న చూరు పెడితే గది లైట్లు గాజు మీద పడవు. ఈ చూరు ఒక్కటే పగటి పూట ఓఎల్‌ఈడీకి సగం ప్రాణం పోస్తుంది.

ఇప్పుడు నా సినిమా హాలు మీద 0.91 అంగుళాల తెల్ల ఓఎల్‌ఈడీలు రెండు, నారింజ ఫిల్మ్ వెనక, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పైది ఆట పేరు చూపించి కదలకుండా ఉంటుంది, కిందిది మాత్రం నలభై సెకన్లకోసారి జరుగుతుంది. ఆ పాత 1.8 అంగుళాల టీఎఫ్‌టీని పారేయలేదు. అడ్డంగా తిప్పితే హెచ్‌ఓలో మూడు మీటర్ల వెడల్పు వస్తుంది. స్టేషన్ హాల్లో, తలుపులోంచి ఎదురుగా మాత్రమే కనిపించే గోడ మీద రెక్కల బోర్డుగా పెట్టాను. అక్కడ దాన్ని పక్కనుంచి చూసే దారే లేదు, కాబట్టి రంగులు తిరగబడవు. చూడటానికి వచ్చినవాళ్లలో ఇద్దరు "ఇంత చిన్న రెక్కలు ఎలా చేశావు?" అని అడిగారు.